చార్లెస్టన్ వెళ్తే అన్నం తినండి

అమెరికాలో సౌత్ కరోలినా సముద్రతీరంలో ఉన్న చార్లెస్టన్‌లో ఎక్కడ తినాలి అని ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పేది ఒకటే. మధ్యాహ్నం పూట ఆ అందమైన డౌన్‌టౌన్ వదిలేసి కాస్త పైకి, మామూలు జనం ఉండే వైపు వెళ్ళండి, అక్కడ అన్నం ఉన్న ప్లేటు తీసుకోండి. పెద్ద రెస్టారెంట్లు బాగోవని కాదు, వాటి గురించీ చెప్తాను. కానీ ఆ ఊళ్ళో పెద్ద రెస్టారెంట్లు చేసే వంటకాలకి మూలమంతా ఈ చిన్న హోటళ్ళ వంటిళ్ళలోనే ఉంది, అక్కడ తిన్నాక మిగతావి తింటే ఏది ఎందుకు అలా ఉందో తెలుస్తుంది.

మేం నార్త్ కరోలినాలోని షార్లెట్ దగ్గర ఉంటాం. ఐ-77 హైవే మీద కొలంబియా దాకా వెళ్ళి ఐ-26 పట్టుకుంటే చార్లెస్టన్ మూడున్నర గంటల దారి. నవంబర్‌లో వెళ్ళాం, ఎండ తగ్గి ఆయిస్టర్లు (చిప్పల్లో ఉండే సముద్రపు జీవులు) బాగుండే రోజులు. మాతోపాటు అత్తయ్య ఉన్నారు, భీమవరం దగ్గర పల్లెటూరు. ఆవిడ చేపలు, రొయ్యలు, పీతలు, కోడి అన్నీ ఇష్టంగా తింటారు గానీ బీఫ్, పోర్క్ ముట్టరు, శనివారం మాత్రం నీచు అసలు ఉండదు, గుడ్డు కూడా. మా ఆయనకి ఏ పట్టింపూ లేదు. ఈ ముగ్గురికీ సరిపడేలా అమెరికా దక్షిణాదిలో భోజనం ప్లాన్ చేయడమంటే కొంచెం పనే, ఎందుకంటే అక్కడ ఆకుకూరలోనూ పోర్క్ వేస్తారు, చిక్కుడు గింజల్లోనూ వేస్తారు, అన్నంలోనూ వేస్తారు. అందుకే ఏ రోజు ఎక్కడ తింటామో ముందే రాసుకున్నాను.

ప్లానింగ్‌లో నాకు ఉపయోగపడింది ఇది: రాత్రి భోజనానికి పేరున్న చోట ఒక్క పూటకే బుక్ చేసుకోండి, అదీ కొన్ని వారాల ముందు. ఫిగ్, హస్క్ లాంటి చోట్ల శుక్ర, శనివారాలు టేబుల్ దొరకడం కష్టం. దొరక్కపోతే తలుపులు తీసే టైముకి వెళ్ళి బార్ దగ్గర సీట్లు ఉన్నాయా అని అడగండి, చాలా చోట్ల అక్కడ కూర్చుని మెనూ మొత్తం తినొచ్చు. మిగతా పూటలన్నీ బుకింగ్ లేని చోట్లే పెట్టుకున్నాం. కారు ఒక గ్యారేజీలో పెట్టేసి డౌన్‌టౌన్‌లో తిరిగే ఉచిత డాష్ బస్సు ఎక్కితే పెద్దవాళ్ళకి నడక తప్పుతుంది.

మొదటి సాయంత్రం సిటీ మార్కెట్ దగ్గరే, హోటల్‌కి పక్కనే ఉన్న ఒకచోట తిన్నాం. పేరు అనవసరం. ష్రింప్ అండ్ గ్రిట్స్ తెప్పించాం. గ్రిట్స్ అంటే మొక్కజొన్న రవ్వని నీళ్ళలోనో పాలలోనో వెన్న వేసి నిదానంగా ఉడికించేది, మన సంకటి కంటే పల్చగా, గరిటెజారుగా ఉంటుంది. ఒకప్పుడు ఈ తీరంలో రొయ్యలు పట్టేవాళ్ళు పొద్దున్నే తినే టిఫిన్ అది, ఇప్పుడు ప్రతి రెస్టారెంట్‌లోనూ రాత్రి భోజనం అయింది. అత్తయ్య ఒక రొయ్య నోట్లో వేసుకుని, "ఇది చెరువు రొయ్యే అమ్మాయ్, సముద్రం రొయ్య కాదు" అన్నారు. వెయిటర్‌ని అడిగితే దిగుమతి సరుకేనని ఒప్పుకున్నాడు. అమెరికాలో తినే రొయ్యల్లో చాలా భాగం బయటి దేశాల నుంచి వచ్చేదే, అందులో అందరికంటే ఎక్కువ పంపేది ఇండియా, ఇండియాలో ముందుండేది ఆంధ్ర. ఆవిడ చిన్నప్పటి నుంచి చూస్తున్న సరుకు మరి, ఒక్క ముక్కకే పట్టేశారు. మన రైతుల రొయ్య మీద నాకే చిన్నచూపూ లేదు, కానీ సముద్రం ఒడ్డున ఉన్న ఊరికి వెళ్ళి ఆ సముద్రపు రొయ్య తినాలని ఉంటుంది కదా. నదికి అవతలి వైపు మౌంట్ ప్లెజెంట్‌లో షెమ్ క్రీక్ దగ్గర ఇప్పటికీ రొయ్యల బోట్లు ఆగుతాయి. కాబట్టి ఆర్డర్ చేసే ముందు "ఈ రొయ్యలు ఇక్కడివేనా?" అని అడగండి. ఇక్కడివే అయితే వాళ్ళు సంతోషంగా చెప్తారు, కాకపోతే మాట దాటేస్తారు, అప్పుడు వేరేది తెప్పించుకోండి.

మర్నాడు పొద్దున మార్కెట్‌లో తిరుగుతుంటే స్వీట్‌గ్రాస్ అనే గడ్డితో బుట్టలు అల్లే ఆవిడ దగ్గర అత్తయ్య ఆగిపోయారు. వెడల్పుగా, అంచు కొద్దిగా లేచి ఉన్న ఒక పళ్ళెం లాంటి బుట్ట తీసుకుని, రెండు చేతులతో పట్టుకుని చెరిగినట్టు ఎగరేసి చూపించారు. ఆ అల్లే ఆవిడ నవ్వి, అవును, అది దానికే అంది. వడ్లు చెరిగే చేటే అది. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళు ఇక్కడి వరి తోటల్లో వాడిన చేట, వాళ్ళ వారసులైన గల్లా గీచీ జనం ఇప్పటికీ అదే పద్ధతిలో అల్లుతున్నారు. ధర చూసి వెనక్కి తగ్గొద్దు, ఒక్కో బుట్టకి రోజుల తరబడి పని ఉంటుంది.

ఇక్కడ వరి సంగతి చెప్పకుండా తిండి సంగతి చెప్పలేను. 1670లో మొదలైన ఊరు ఇది. 18వ శతాబ్దంలో దీన్ని అమెరికాలోనే సంపన్నమైన ఊళ్ళలో ఒకటిగా చేసింది వరి. ఆ వరి పండించడం తెల్ల భూస్వాములకి తెలిసిన విద్య కాదు. సెనెగల్, గాంబియా, సియెర్రా లియోన్ వైపు తరతరాలుగా వరి పండించిన జనాన్ని పట్టుకొచ్చి, వాళ్ళ చేత చిత్తడి అడవులు నరికించి, గట్లు వేయించి, సముద్రపు పోటుకి వెనక్కి తన్నే నది నీళ్ళని తూముల ద్వారా మళ్ళల్లోకి ఎక్కించి దింపే పద్ధతిలో సాగు చేయించారు. మోకాలి లోతు బురదలో, మలేరియాలో, ఎంతమంది పోయారో. ఉత్తర అమెరికాకి బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్లలో దాదాపు 40 శాతం మంది ఈ రేవులోనే దిగారని చరిత్రకారుల అంచనా. వాళ్ళని దించిన గాడ్స్‌డెన్స్ వార్ఫ్ చోటే 2023లో ఇంటర్నేషనల్ ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియం తెరిచారు. భోజనానికి వెళ్ళే ముందే ఈ మ్యూజియం చూడండి. మేం అలాగే చూశాం. గోదావరి కాలవల కింద పుట్టి పెరిగిన మనిషి కదా, తూము, గట్టు, నాట్లు ఇవేవీ అత్తయ్యకి నేను విడమర్చి చెప్పాల్సిన పని రాలేదు, బయటికి వచ్చాక చాలాసేపు ఏం మాట్లాడలేదు ఆవిడ.

మ్యూజియం నుంచి నేరుగా బెర్తాస్ కిచెన్‌కి వెళ్ళాం. నార్త్ చార్లెస్టన్‌లో, మీటింగ్ స్ట్రీట్ రోడ్ మీద, నీలం రంగు మేడ. చుట్టుపక్కల చూడటానికి ఏమీ ఉండదు. ఆల్బర్థా గ్రాంట్ అనే ఆవిడ పెట్టిన హోటల్ ఇది, ఆవిడ తర్వాత కూతుళ్ళు నడుపుతున్నారు. 2017లో జేమ్స్ బియర్డ్ ఫౌండేషన్ వాళ్ళు, అంటే అమెరికాలో వంటలకి, హోటళ్ళకి పేరున్న అవార్డులు ఇచ్చేవాళ్ళు, దీనికి అమెరికాస్ క్లాసిక్స్ అవార్డు ఇచ్చారు. అయినా లోపల పద్ధతి మారలేదు. లైన్‌లో నిలబడాలి, వేడిగా పెట్టిన గిన్నెల్లోంచి మనం చెప్పినవి వడ్డిస్తారు, ప్లేటు తీసుకుని వెళ్ళి కూర్చోవాలి. మా ముందు పోర్టు పనివాళ్ళలా ఉన్నవాళ్ళు, ఒక నర్సు, చర్చి పెద్దావిడలు ఇద్దరు ఉన్నారు. లైన్ చూసి వెనక్కి తిరిగిపోకండి, త్వరగానే కదులుతుంది.

మా వంతు రాగానే నేను, "మా అత్తగారు పోర్క్, బీఫ్ తినరు, వేటిల్లో ఉందో చెప్తారా?" అని అడిగాను. గరిటె పట్టుకున్న ఆవిడ విసుక్కోలేదు. ఇందులో ఉంది, ఇందులో ఉంది, ఇది తినొచ్చు బేబీ అంటూ ఒక్కో గిన్నె మీదా గరిటె ఆనించి చూపించింది. అత్తయ్యకి వేయించిన కోడి, తెల్లన్నం, మాకరోని అండ్ చీజ్, తియ్యగా ఉడికించిన చిలగడదుంప తీసుకున్నాం. నేను, మా ఆయన బెండకాయ సూప్, లైమా బీన్స్ అనే చిక్కుడు గింజలు, రెడ్ రైస్ తీసుకున్నాం.

బెండకాయ సూప్ గురించి కొంచెం చెప్పాలి. దానిలో టమాటా, మాంసం ముక్కలు, బెండకాయ కలిసి చాలాసేపు ఉడికి, బెండకాయ జిగురంతా పులుసులోకి దిగి చిక్కబడుతుంది. మనం జిగురు రాకూడదని బెండకాయని ముందు వేయిస్తాం, తడి తగలనివ్వం. వాళ్ళకి ఆ జిగురే కావాలి. అన్నం మీద పోసుకుని, దాని మీద రెండు చుక్కలు ఎర్ర హాట్ సాస్ వేసుకుని కలుపుకుంటే, నాకు చెంచా పక్కన పెట్టి చేత్తో తినాలనిపించింది, తిన్నాను కూడా, ఎవరూ తల తిప్పి చూడలేదు. బెండకాయ ఆఫ్రికా నుంచి వచ్చిన జనంతోపాటు వచ్చింది. నువ్వులూ అంతే, బొబ్బర్లూ అంతే. మన వంటింట్లో రోజూ ఉండే ఈ మూడూ అక్కడ కూడా వంటకి ప్రాణం.

రెడ్ రైస్ అంటే టమాటాతో, ఎక్కువగా పోర్క్ సాసేజో బేకనో వేసి వండే అన్నం. పశ్చిమ ఆఫ్రికాలో జోలోఫ్ అని వండే దానికి దగ్గరి చుట్టం. పొడిపొడిగా, ఒక్కో గింజకీ టమాటా పట్టి ఉండాలి. ముద్దగా ఉంటే ఆ వంటిల్లు శ్రద్ధ పెట్టలేదని అర్థం. బెర్తాస్‌లో ముగ్గురం కడుపునిండా తిన్నా మనిషికి 20 డాలర్లు కాలేదు.

పోర్క్ తినని మనవాళ్ళకి ఇంకో మాట. "ఇందులో పంది మాంసం ఉందా?" అని అడిగితే ఒక్కోసారి లేదనే అంటారు, ఎందుకంటే ముక్కలు వేసి ఉండరు. కానీ రుచి కోసం పొగబెట్టిన పంది కాలి ముక్క వేసి ఉడికించి తీసేస్తారు, లేదా బేకన్ కొవ్వులో పోపులాగా ఉల్లిపాయ వేయిస్తారు. అందుకే "దేనితో ఉడికించారు?" అని అడగండి. కొలార్డ్ ఆకుకూరని ఈ మధ్య చాలామంది పోర్క్ బదులు పొగబెట్టిన టర్కీతో వండుతున్నారు, అది అయితే అత్తయ్య తిన్నారు, బాగా నచ్చింది కూడా. పూర్తి శాకాహారులైతే ఈ చిన్న హోటళ్ళలో అన్నం, మాకరోని, చిలగడదుంప, మొక్కజొన్న రొట్టె తప్ప పెద్దగా దొరకవు, అబద్ధం చెప్పి లాభం లేదు.

ఇదే తరహాలో డౌన్‌టౌన్‌కి దగ్గర్లో కావాలంటే బ్లేక్ స్ట్రీట్‌లో హానిబల్స్ కిచెన్ ఉంది. అక్కడ క్రాబ్ రైస్ తినాలి. పీత మాంసాన్ని ఉల్లిపాయ, క్యాప్సికంతో వేయించి అన్నం కలిపి ఇస్తారు. పీత ఒలిచే బాధ లేకుండా పీత అన్నం తినడం అత్తయ్యకి ఎంత నచ్చిందంటే, "రేపు శనివారం కాకపోయుంటే మళ్ళీ వచ్చేవాళ్ళం" అన్నారు.

ఆ శుక్రవారం సాయంత్రమే బోవెన్స్ ఐలాండ్‌కి వెళ్ళాం. ఫాలీ బీచ్ వెళ్ళే దారిలో, బీచ్ ఇంకా రాకముందే కుడివైపు మట్టిరోడ్డులోకి తిరగాలి. 1946 నుంచి ఉన్న ఆయిస్టర్ల హోటల్ ఇది. 2006లో దీనికీ అమెరికాస్ క్లాసిక్స్ అవార్డు వచ్చింది, అదే ఏడాది మంటల్లో కాలిపోయింది, మళ్ళీ కట్టారు. కింద గదిలో పెద్ద మంట మీద ఇనుప రేకు, దాని మీద గుత్తులు గుత్తులుగా ఆయిస్టర్లు పోసి, పైన తడిపిన గోనెసంచి కప్పుతారు. ఆవిరికి అవి నోరు తెరవగానే పారతో ఎత్తి మన టేబుల్ మీద గుమ్మరిస్తారు. ప్లేటు ఉండదు. చేతికో చిన్న కత్తి, ఒక పాత గుడ్డ ఇస్తారు. గుడ్డతో గుత్తి పట్టుకుని, చిప్ప మూలలో కత్తి దూర్చి తిప్పితే తెరుచుకుంటుంది, చిప్పలు టేబుల్ మధ్యలో ఉన్న కంతలోంచి కింద డబ్బాలోకి. బురద ఉంటుంది, బట్టలు పాడవుతాయి, మంచి చీర కట్టుకుని వెళ్ళకండి. పెద్ద రెస్టారెంట్‌లో ఐసు మీద పెట్టి ఇచ్చే పచ్చి ఆయిస్టర్ మా ఇద్దరికీ ఎప్పుడూ పడలేదు, ఇది మాత్రం వేడిగా, ఉప్పగా, కొద్దిగా పొగ వాసనతో, ఆపలేకపోయాం. అత్తయ్య రెండు తిని, మిగతా సమయం పైన వరండాలో వేయించిన రొయ్యలు, హష్‌పప్పీలు (మొక్కజొన్న పిండితో వేయించే ఉండలు) తింటూ చిత్తడి మీద సూర్యాస్తమయం చూశారు. ఈసారి రొయ్యల గురించి ఆవిడ ఏం ఫిర్యాదు చేయలేదు.

శనివారం పొద్దున మేరియన్ స్క్వేర్‌లో రైతుబజారు పెడతారు, ఆ రోజు శాకాహారానికి అదే దిక్కయింది. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు పొగలు కక్కుతూ అమ్ముతున్నారు. ఉప్పు నీళ్ళలో ఉడికిన తొక్క కాయలు, మనం తినేవే. 2006లో సౌత్ కరోలినా దీన్ని రాష్ట్ర అధికారిక చిరుతిండిగా ప్రకటించింది. పెద్ద గ్లాసుడు తీసుకుని బెంచీ మీద కూర్చుని ముగ్గురం ఒలుచుకుని తిన్నాం. మార్కెట్‌లో బెన్నీ వేఫర్లు కూడా తీసుకోండి. నువ్వులు, వెన్న, బ్రౌన్ షుగర్‌తో చేసే పల్చటి బిస్కట్లు, రుచి చూడమని ఉచితంగా ముక్కలు ఇస్తారు. అందులో గుడ్డు వేస్తారు కాబట్టి అత్తయ్య కోసం ఆదివారానికి దాచాం.

ఆ రాత్రికి బుక్ చేసింది ఈస్ట్ బే స్ట్రీట్‌లో ఉన్న స్లైట్లీ నార్త్ ఆఫ్ బ్రాడ్. 1993 నుంచి ఉన్న రెస్టారెంట్, వంటిల్లు కనపడేలా తెరిచి ఉంటుంది, పెద్దవాళ్ళతో వెళ్ళడానికి గొడవ లేని చోటు. బుక్ చేసేటప్పుడే శాకాహారం, గుడ్డు కూడా వద్దు అని రాసిపెట్టాను, వాళ్ళు దాన్ని గుర్తుపెట్టుకుని ఆ పూట కూరగాయలన్నీ విడిగా వండి ప్లేటుగా ఇచ్చారు, పక్కన కరోలినా గోల్డ్ అనే ఇక్కడి పాత రకం బియ్యంతో అన్నం. మేం ష్రింప్ అండ్ గ్రిట్స్ మళ్ళీ తెప్పించాం, ఈసారి అడిగి మరీ. మొదటి రోజు తిన్నదానికి దీనికి పోలికే లేదు. గ్రిట్స్‌లో మొక్కజొన్న వాసన తెలుస్తోంది, పంటికి చిన్న రవ్వ తగులుతోంది. షీ-క్రాబ్ సూప్ కూడా ఒక కప్పు తీసుకున్నాం. ఆడ పీత గుడ్లు, క్రీమ్ వేసి చేసే చిక్కటి సూప్, చివర షెర్రీ అనే వైన్ పోస్తారు. మందు ముట్టనివాళ్ళు అది గుర్తుపెట్టుకోండి. నాకైతే క్రీమ్ ఎక్కువై పీత రుచి మరుగున పడిందనిపించింది, ఊరంతా దాని గురించే గొప్పగా చెప్తుంది కానీ నా ఓటు బెండకాయ సూప్‌కే.

ఆదివారం తిరుగు ప్రయాణంలో కింగ్ స్ట్రీట్ పైభాగంలో రాడ్నీ స్కాట్స్ అనే బార్బెక్యూ హోటల్ దగ్గర ఆగాం, హైవే ఎక్కే ముందే వస్తుంది. మొత్తం పందిని కట్టెల నిప్పుల మీద రాత్రంతా కాల్చి, వెనిగర్, మిరపకాయ కలిపిన పల్చటి సాస్ పోస్తారు. 2018లో రాడ్నీ స్కాట్‌కి జేమ్స్ బియర్డ్ వాళ్ళ ఆగ్నేయ ప్రాంతపు బెస్ట్ షెఫ్ అవార్డు వచ్చింది. మా ఆయనకి ఈ ట్రిప్ మొత్తంలో నచ్చిన ప్లేటు ఇదే. అత్తయ్య వేయించిన క్యాట్‌ఫిష్ తిన్నారు, దాని మీదా అదే సాస్ పోసుకున్నారు, పులుపు, కారం తగిలేసరికి ప్రాణం లేచొచ్చిందన్నారు.

వచ్చేటప్పుడు కరోలినా గోల్డ్ బియ్యం ఒక సంచీ కొనుక్కున్నాం, ఖరీదే. ఈ వంగడం 20వ శతాబ్దం మొదట్లో తుఫాన్ల దెబ్బకి, కూలీల ఖర్చుకి సాగులోంచి దాదాపుగా పోయింది. 1980ల్లో సవన్నాకి చెందిన రిచర్డ్ షుల్జ్ అనే కంటి డాక్టరు బాతుల వేట కోసం పొలంలో వరి వేయాలనుకుని, ప్రభుత్వ విత్తన నిల్వల్లోంచి ఈ గింజలు తెప్పించి మళ్ళీ పండించాడు. తర్వాత 1998లో గ్లెన్ రాబర్ట్స్ మొదలుపెట్టిన ఆన్సన్ మిల్స్ వల్ల హోటళ్ళకి, ఇళ్ళకి చేరింది. మీరూ కొంటే కుక్కర్‌లో పెట్టకండి, మెత్తబడి ముద్దయిపోతుంది. ఎసరు బాగా ఎక్కువ పెట్టి, ఉప్పు వేసి ఉడికించి, గంజి వార్చి, మూత పెట్టి సన్న సెగ మీద కాసేపు ఉంచాలి. అక్కడి పాత వంట పద్ధతి కూడా ఇదే. అత్తయ్య అలాగే వండి, గంజి పారబోయకుండా ఉప్పు, నిమ్మకాయ వేసి మా ఇద్దరికీ తాగించారు.

ఇంకొక్కటి, రోజులు చూసుకుని వెళ్ళండి. చిన్న హోటళ్ళలో కొన్ని వారాంతంలో తెరవరు, బోవెన్స్ ఐలాండ్ ఆది, సోమవారాలు ఉండదు. గురువారం సాయంత్రానికి చేరుకుని శుక్రవారం మధ్యాహ్నాన్ని బెర్తాస్‌కి ఉంచుకుంటే అన్నీ కుదురుతాయి. వెళ్ళే ముందు ఒకసారి ఫోన్ చేసి కనుక్కోండి.